లక్షణం వచ్చు, సమన్వయం రాదు: హనుమకొండ తరగతిలో అలంకారాల పాఠం

నేను హనుమకొండలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది నర్సంపేట, పరకాల, ములుగు, భూపాలపల్లి వైపు పల్లెల వాళ్లు. కొందరు హాస్టళ్లలో ఉంటారు, కొందరు రోజూ బస్సులో వచ్చిపోతారు. అలంకారాలు, ఛందస్సు వాళ్లకు బడిలోనే పరిచయం. ఉపమ అంటే ఏమిటని అడిగితే తడుముకోకుండా చెబుతారు. ఉత్పలమాల గణాలు అడిగితే భ, ర, న, భ, భ, ర, వ అని, యతి పదో అక్షరమని ఒక్క గుక్కలో అప్పజెబుతారు. అదే పిల్లల చేతిలో ఇంతకుముందు చూడని కవిత ఒకటి పెట్టి దీని గురించి చెప్పమంటే చాలామందికి నోరు పెగలదు. ఈ కేస్ స్టడీ ఆ ఇబ్బంది గురించే.

ఒక సెమిస్టర్‌లో రెండో సంవత్సరం పిల్లలతో చేసిన పని ఇది. అందులో ఒక అమ్మాయి గురించి ఎక్కువగా రాస్తాను. ఆమె పేరు, ఊరు రాయడం లేదు. తరగతిలో నేను చూసిన సమస్య మొత్తం ఆమె జవాబుల్లో స్పష్టంగా కనిపించింది, అందుకే ఆమెను ఎంచుకున్నాను.

మన పరీక్షల్లో అలంకారం ప్రశ్నకు జవాబు మూడు ముక్కల్లో ఉండాలి: లక్షణం, లక్ష్యం, సమన్వయం. లక్షణమంటే నిర్వచనం, లక్ష్యమంటే ఉదాహరణ. ఆ నిర్వచనం ఈ ఉదాహరణలో ఎలా కుదిరిందో చూపించడం సమన్వయం. పేపర్లు దిద్దే ఎవరినైనా అడగండి, మొదటి రెండూ కంఠస్థం వల్ల వస్తాయి, మూడోదాని దగ్గరే పిల్లలు ఆగిపోతారు. ‘పై ఉదాహరణలో ఉపమాలంకార లక్షణాలు ఉన్నాయి కనుక ఇది ఉపమాలంకారం’ అని రాసి గీత కొట్టేస్తారు. అలంకార శాస్త్రం చదవడంలో అసలు పని మొదలయ్యేది అక్కడే అని నేను గట్టిగా నమ్ముతాను. మిగతా రెండూ దానికి ముందు చేసుకునే సిద్ధం మాత్రమే.

గైడులో లేని కవిత

సెమిస్టర్ మొదట్లో వాళ్లకు ఒక చిన్న వచన కవిత ఇచ్చాను. గైడుల్లో, ఫోన్లో ఎక్కడా దొరకకూడదని నేనే రాశాను.

కల్లం నిండా ఎర్రటి కొండలు.
వాటి నడుమ నాన్న,
ముక్కుకు తువ్వాల చుట్టుకుని.
మార్కెట్లో కాంటా ముల్లు
అటొకసారి ఇటొకసారి ఊగింది.
ఇంట్లో అక్క పెళ్లి
అటొకసారి ఇటొకసారి ఊగింది.

ప్రశ్న ఒక్కటే: ఇందులో కవి ఏ సాధనాలు వాడాడు, అవి ఏం పని చేస్తున్నాయి? చాలామంది ‘ఈ కవితలో అలంకారాలు లేవు’ అని రాశారు. ‘ఊగింది’ రెండుసార్లు వచ్చింది కాబట్టి అంత్యానుప్రాస అని కొందరు రాశారు. నేను చెప్పిన అమ్మాయి అర పేజీ రాసింది. ఉపమ లక్షణం పూర్తిగా ఇచ్చింది, ఉపమేయం (దేన్ని పోలుస్తున్నామో అది), ఉపమానం (దేనితో పోలుస్తున్నామో అది), సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు అంగాలూ చెప్పింది. ఆ తర్వాత ‘ఈ కవితలో వలె, పోలె వంటి ఉపమావాచకాలు లేవు కనుక ఉపమ లేదు. ఇది వచన కవిత కనుక యతిప్రాసలు లేవు’ అని ముగించింది.

రాసిన లక్షణం సరైనదే. కవిత గురించి మాత్రం ఒక్క మాట లేదు.

మర్నాడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. ఆ మాటలు గుర్తున్నంతవరకు ఇలా సాగాయి.

‘కవిత చదివినవా బిడ్డా?’

‘చదివిన మేడం.’

‘ఎర్రటి కొండలంటే ఏంది?’

‘మిరపకాయ కుప్పలు.’ క్షణం కూడా ఆలోచించలేదు.

‘మిరపకాయ అని ఏడున్నది అందుల?’

కాగితం మళ్లీ చూసింది. ‘లేదు మేడం.’

‘మరి నీకెట్ల తెల్సింది?’

‘కల్లమన్నడు, ఎర్రగున్నయన్నడు. ముక్కుకు తువ్వాల కట్టుకున్నడంటే ఘాటుకే కదా మేడం. మా నాయిన గట్లనే కట్టుకుంటడు.’

ఆ నాలుగు మాటల్లో మంచి సమన్వయం ఉంది. కవి చెప్పకుండా వదిలేసిన మాటను ఏ ఆధారాలతో పట్టుకున్నదో వరుసగా చెప్పింది. అంటే చదవడం వచ్చు, పేర్లూ వచ్చు. తను చేసే చదువుకీ తనకు వచ్చిన పేర్లకీ సంబంధం ఉందని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. అలంకారమంటే గుర్తు చూసి పట్టుకునేది అని నేర్చుకున్నది. ‘వలె’ కనిపిస్తే ఉపమ, ‘ఏమో’ కనిపిస్తే ఉత్ప్రేక్ష, కనిపించకపోతే ఏమీ లేదు.

ఈ గుర్తుల వెతుకులాట ఎంత తప్పుదారి పట్టిస్తుందో తరగతిలో రెండు వాక్యాలతో చూపించాను. ‘వాడు వాళ్ల నాయిన లెక్కనే టైలర్ పనిల కుదిరిండు.’ ఇందులో పోలిక ఉంది, పోలిక చెప్పే మాటా ఉంది, ఉపమాలంకారం లేదు. ఇద్దరు మనుషులు ఒకే పని చేస్తున్నారన్న సమాచారమే తప్ప చమత్కారం లేదు. పోలిక మనోహరంగా ఉండాలని లక్షణంలోనే ఉంటుంది, ఆ మాటను పిల్లలు బట్టీ పడతారు కానీ పట్టించుకోరు. ‘చెప్పినట్టే వచ్చిండు’లో కూడా ‘అట్టు’ ఉంది, అక్కడ పోలికే లేదు.

ఇంకో సంగతి కూడా బయటపడింది. పుస్తకాల్లో ఉపమావాచకాలంటే వలె, పోలె, కరణి, భంగి అని ఉంటాయి. మన పిల్లలు రోజంతా మాట్లాడేది ‘లెక్క’తో. ‘కొండ లెక్క ఉన్నది’, ‘పాలపిట్ట లెక్క నవ్వుతది’. తమ నోట్లో పొద్దున్నుంచి రాత్రిదాకా ఉపమలు ఉన్నాయని ఆ రోజు వాళ్లకు తెలిసింది. తరగతిలో ముఖాలు విప్పారడం చూశాను.

మార్చి చూడటం

అప్పటినుంచి పేరు చివర చెప్పడం మొదలుపెట్టాను. ముందు వాక్యాన్ని మారుస్తాం, ఏం పోయిందో చూస్తాం, పోయినదాన్ని మన మాటల్లో చెబుతాం, దానికి శాస్త్రంలో పేరేమిటో ఆ తర్వాత చెబుతాను. ఇందులో కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు, కానీ వరుస తిరగబెట్టడం వల్ల చాలా తేడా వచ్చింది.

కవిత మొదటి పాదాన్నే నాలుగు రకాలుగా బోర్డు మీద రాశాం. ‘మిరప కుప్పలు కొండల లెక్క ఉన్నయి.’ ‘ఇవి కుప్పలా, కొండలేమో!’ ‘ఈ మిరప కుప్పలే కొండలు.’ చివర ‘కల్లం నిండా ఎర్రటి కొండలు.’ ఒక్కొక్కటీ ఎవరు అన్నట్టు ఉందని అడిగాను. మొదటిది కొలిచి చెప్పేవాళ్లు అన్నట్టు ఉందన్నారు, బేరగాడు కావచ్చన్నారు. రెండోది దూరం నుంచి వచ్చిన చుట్టం మాట. మూడోది గర్వంగా చెప్పుకునే ఇంటి మనిషిది. నాలుగోది? వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి ‘చిన్న పిల్లగాడు మేడం, కిందనుంచి చూస్తుండు, వానికి కొండలే కనవడ్తయి’ అన్నాడు. అప్పుడు పేర్లు రాశాను: ఉపమ, ఉత్ప్రేక్ష, రూపకం.

నాలుగోదానికి పేరు దగ్గర గొడవ వచ్చింది. తరగతి అంతా రూపకమే అంది. రూపకంలో ఉపమేయానికీ ఉపమానానికీ అభేదం, అంటే రెండూ ఒకటేనని చెప్పాలి, అందుకు రెండూ కనిపించాలి. ఇక్కడ మిరప కుప్ప అన్న ఉపమేయమే లేదు, దాన్ని ఉపమానం మింగేసింది. అప్పయ్య దీక్షితులు కువలయానందం అనే అలంకార గ్రంథంలో దీన్ని రూపకాతిశయోక్తి అన్నాడు. బడిలో అతిశయోక్తి అంటే గోరంతలు కొండంతలు చేయడమని మాత్రమే చెప్పడం వల్ల పిల్లలకు ఇది కొత్తగా ఉంటుంది. డిగ్రీ స్థాయిలో ఈ తేడా తప్పక చెప్పాలని నా అభిప్రాయం. మన పాటల్లో, వచన కవిత్వంలో ఉపమేయం మాయమైపోయే పోలికలు లెక్కలేనన్ని ఉంటాయి. వాటన్నిటినీ రూపకం అనేస్తే కవి ఏం దాచాడో చూడాలన్న ఆలోచన రాదు.

కాంటా ముల్లు దగ్గర ఒక అమ్మాయి అడ్డం పడింది. ‘ఇప్పుడు ముల్లెక్కడిది మేడం? అన్నీ ఎలక్ట్రానిక్ కాంటలే. అంకె ఎగురుతది, ఊగదు.’ నాకు చాలా సంతోషమేసింది. ముల్లు తీసేసి అంకె పెట్టి కవితను మళ్లీ చదివాం. ‘అంకె ఎగిరింది, అక్క పెళ్లి ఎగిరింది’ అంటే అర్థమే మారిపోయింది, పెళ్లి తప్పిపోయినట్టు అయింది. ఊగడంలో ఉన్న ఆశ, భయం రెండూ పోయాయి. క్షేమేంద్రుడు 11వ శతాబ్దంలో ఔచిత్యం అని దేన్ని చెప్పాడో అది ఆ పది నిమిషాల్లో పిల్లలకు అందింది. ఒక మాట దాని చోట్లో ఎందుకు ఉండాలో, ఇంకోటి ఎందుకు కుదరదో వాళ్లే తేల్చారు.

బమ్మెర పోతన కందం

శబ్దాలంకారాల దగ్గర పిల్లలు ఇంకా తొందరపడతారు. అక్షరం మళ్లీ వచ్చిందంటే చాలు, పేరు పెట్టేస్తారు. ఇక్కడికి దగ్గరలోని బమ్మెరతో జనం కలిపి చెప్పుకునే పోతన, నరకాసుర వధ ఘట్టంలో రాసిన కందం తీసుకున్నాను. యుద్ధానికి లేచిన సత్యభామతో కృష్ణుడు అనే మాట:

లేమా! దనుజుల గెలువఁగ
లేమా? నీ వేల కడఁగి లేచితి? విటు రా
లే మాను; మానవేనిన్
లే మా విల్లందికొనుము లీలం గేలన్.

‘యమకాలంకారం మేడం’ అని తరగతంతా ఒక్కసారే అంది. సరే, కృష్ణుడు ఆమెను ఆపుతున్నాడా, పంపుతున్నాడా అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు.

పాదం పాదం విప్పాం. మొదటి ‘లేమా’ పిలుపు, ఓ అమ్మాయీ అని. రెండోది ప్రశ్న, రాక్షసులను మేం గెలవలేమా అని. మూడోది ‘ఇటు రా, లే, మాను’ అని ఆపడం. నాలుగోది ‘మానవా? అయితే లే, మా విల్లు అందుకో’ అని ఒప్పుకోవడం. నాలుగు పాదాల్లో కృష్ణుడు వద్దు నుంచి సరే దాకా వచ్చేశాడు. పాదం మొదట్లో చప్పుడు మాత్రం మారలేదు. కందంలో రెండో అక్షరానికి ప్రాస ఉండాలి కాబట్టి నాలుగు పాదాల్లోనూ ‘మ’ తప్పదు. పోతన ఆ నియమానికి మొదటి అక్షరం కూడా కలిపి ‘లేమా’ను నాలుగుసార్లు తెచ్చాడు. యతి కూడా దానితోనే నడుస్తుంది: రెండో పాదంలో ‘లే’కు ‘లేచితి’లోని ‘లే’, నాలుగో పాదంలో ‘లే’కు ‘లీలం’లోని ‘లీ’.

తర్వాత మూడో పాదంలో ‘లే మాను’ తీసేసి ‘వద్దులే’ పెట్టి చదవమన్నాను. ఛందస్సు చెడిందన్నారు, అది ఎలాగూ చెడుతుంది. ఇంకేం పోయింది? మన అమ్మాయి చెయ్యెత్తింది. ‘వద్దులే అంటే కోపంగ అన్నట్టున్నది మేడం. పిలిచినప్పుడు ఏ నోరు తిరిగిందో ఆపేటప్పుడు కూడ అదే నోరు తిరిగింది. అందుకే ముద్దుగ ఆపినట్టున్నది.’ యమకం చేసిన పనిని ఇంతకంటే బాగా నేను చెప్పలేను. సెమిస్టర్‌లో ఆమె సొంతంగా చేసిన మొదటి సమన్వయం అదే.

చెరువు మీద ఇల్లు

మాట అర్థమిచ్చే తీరులు మూడు: అభిధ, లక్షణ, వ్యంజన. మాటకు ఉన్న సూటి అర్థాన్ని (వాచ్యార్థాన్ని) ఇచ్చేది అభిధ. మిగతా రెండూ చెప్పడానికి శాస్త్రంలో పాత ఉదాహరణ ఒకటి ఉంది: గంగలో గొల్లపల్లె. గంగ ప్రవాహంలో పల్లె ఉండదు కాబట్టి ఒడ్డున అని అర్థం చేసుకుంటాం, అది లక్షణ. ఒడ్డున అని సూటిగా చెప్పకుండా గంగలో అనడం వల్ల చల్లదనం, పవిత్రత స్ఫురిస్తాయి, అది వ్యంజన. ఉదాహరణ గొప్పదే కానీ మా పిల్లలకు అది పుస్తకంలో వాక్యం. మనూళ్లలో రోజూ వినే మాట తీసుకున్నాను: ‘వాళ్లు చెరువు మీద ఇల్లు కట్టుకున్నరు.’

నీళ్ల మీద ఎవరూ కట్టుకోరు, కట్ట పక్కన అని అందరికీ తెలుసు. స్ఫురించేది ఏమిటని అడిగితే తరగతి రెండుగా చీలింది. ఊరి నుంచి వచ్చిన పిల్లలు చల్లగాలి, పొద్దున చూస్తే తామరపూలు అన్నారు. వరంగల్ పట్టణంలో లోతట్టు కాలనీల్లో ఉండే పిల్లలు ‘వానాకాలం నిద్ర ఉండదు మేడం’ అన్నారు. 2023 జూలై వరదలు చూసిన ఇంట్లో ఆ వాక్యం వినిపించే తీరు వేరు. వాక్యం ఒక్కటే, వాచ్యార్థం ఒక్కటే, లక్ష్యార్థం ఒక్కటే. వ్యంగ్యార్థం దగ్గర మాత్రం అన్నదెవరు, విన్నదెవరు, ఏ సందర్భం అన్నవి లెక్కలోకి వస్తాయి. మమ్మటుడు కావ్యప్రకాశంలో ఇదే చెప్పాడు. ఇలా స్ఫురించే అర్థాన్నే ధ్వని అంటారు. ధ్వని అంటే ఎవరికి తోచింది వాళ్లు చెప్పేయడం కాదని, దానికీ ఆధారాలు కావాలని పిల్లలకు చెప్పడానికి ఇది చాలా పనికొచ్చింది. ఈ పట్టు లేకపోతే తర్వాత ప్రతీకల దగ్గర వచ్చిన చిక్కును నేను విప్పగలిగేదాన్ని కాదు.

కథలో చెప్పేదెవరు

కథకు వచ్చేసరికి పిల్లల దగ్గర పదాలు చాలా తక్కువ. ఇతివృత్తం, పాత్రచిత్రణ, శైలి, ముగింపు అంటారు. ఏ కథకైనా ‘రచయిత శైలి సరళంగా, సుందరంగా ఉంది’ అన్న వాక్యం సరిపోతుందని అనుకుంటారు. ఆ వాక్యాన్ని మా తరగతిలో నిషేధించాను.

దృష్టికోణం చెప్పడానికి చిన్న ముక్క రాసిచ్చాను. ఏడేళ్ల పాప చెబుతున్నట్టు:

‘నాన్న పత్తి అమ్మి వచ్చిండు. నాకు బొమ్మ తెస్తనన్నడు, తేలేదు. దుకాణం బందున్నదట. అన్నం గూడ తినలేదు. కడుపు నిండిందట. తొవ్వల ఎవరో మంచిగ పెట్టి ఉంటరు.’

ఇదే సంగతిని నాన్న చెబుతున్నట్టు రాసుకు రమ్మన్నాను. పిల్లలు బాగా రాశారు. ధర రాలేదని, అప్పు గుర్తొచ్చిందని, పాప ముఖం చూడలేకపోయానని. రెండూ పక్కపక్కన చదివాక ఒక అబ్బాయి అన్నాడు: ‘నాన్న చెప్తే మనల్ని జాలి అడిగినట్టున్నది మేడం. పాప చెప్తే మనకే జాలి పుడ్తున్నది.’ పాపకు తెలియనిది చదివేవాళ్లకు తెలియడం, ఆ తేడాలోంచి బాధ పుట్టడం అన్నది వాళ్లే పట్టుకున్నారు. అప్పుడు అమాయక కథకురాలు, నాటకీయ వ్యంగ్యం అన్న పేర్లు ఇచ్చాను.

ఇంకొంచెం దగ్గరగా చూడమన్నాను. ‘బందున్నదట’, ‘నిండిందట’లో చివరి ‘ట’ తీసేయమన్నాను. ‘దుకాణం బందున్నది. కడుపు నిండింది.’ మొత్తం కూలిపోయింది. ఆ ఒక్క అక్షరం వల్లే పాప తను చూడని సంగతిని నాన్న మాటగా మనకు అందిస్తోంది, నమ్మి అందిస్తోంది. నాన్న అబద్ధమాడాడని ఎక్కడా రాయలేదు, ‘ట’ మనకు చెప్పింది. తెలుగు కథకులు దీన్ని ఎంత ఒడుపుగా వాడతారో ఆ రోజు నుంచి పిల్లలు చదివిన ప్రతి కథలో వెతికి తెచ్చి చూపించారు. దీనికి మన అలంకార గ్రంథాల్లో ప్రత్యేకంగా పేరు వెతకాల్సిన పనిలేదని, కథనంలో అది చేసే పని చెబితే చాలని అన్నాను.

రచయిత వేరు, కథకుడు వేరు అన్నది మాత్రం చాలామందికి ఎక్కలేదు. ‘నేను’ అని ఉంటే రచయితే అంటారు. (ఉత్తమ పురుషలో చెబితే ‘నేను’, ప్రథమ పురుషలో చెబితే ‘అతడు’. ఇక్కడ పిల్లలు ఎప్పుడూ తారుమారు చేస్తారు, పరీక్షలో మార్కులు పోతాయి, గట్టిగా చెప్పాలి.) ఆ ముడి విప్పింది మన అమ్మాయే. వాళ్ల ఊళ్లో ఒగ్గుకథ చెప్పిస్తారట. ‘ఒగ్గాయన మల్లన్న లెక్క మాట్లాడుతడు మేడం. మళ్ల ఆయననే పక్కకు తిరిగి మల్లన్న గిట్లన్నడు అని చెప్తడు. పక్కకున్నాయన అవునా, తర్వాత ఏమాయె అని అడుగుతడు. అయిపోయినంక చాయ తాగుకుంట మా నాయినతోని మాట్లాడుతడు. మనిషి ఒక్కడే, మాట్లాడింది ముగ్గురు.’ మల్లన్న పాత్ర, చెప్పే కథకుడు, చాయ తాగే మనిషి రచయిత. ఐనవోలు, కొమురవెల్లి జాతరలు చూసిన పిల్లలకు ఆ తర్వాత నేను చెప్పాల్సింది మిగలలేదు. కథ వినేవాడు కూడా కథలో ఒక పాత్రలా ప్రశ్నలడిగే పద్ధతి మన జానపద కళలో ఎంత పాతదో కూడా ఈ సందర్భంలో మాట్లాడుకున్నాం.

సొంత ఉదాహరణలు

సెమిస్టర్ మధ్య నుంచి ఒక నియమం పెట్టాను. ఏ పదం నేర్చుకున్నా దానికి ఉదాహరణ పుస్తకంలోంచి తేకూడదు, సొంతంగా కట్టుకు రావాలి, అది వాళ్ల ఊరి గురించి ఉండాలి. ఇందుకు మనకు ఓరుగల్లులోనే పాత దారి ఒకటి ఉంది. ప్రతాపరుద్రుడి ఆస్థానంలో, అంటే 1289 నుంచి 1323 దాకా సాగిన ఆ పాలనలో, విద్యానాథుడు సంస్కృతంలో ప్రతాపరుద్రీయం రాశాడు. నాయక ప్రకరణంతో మొదలై తొమ్మిది ప్రకరణాల్లో కావ్యశాస్త్రమంతా ఉంటుంది. లక్షణాలకు ఉదాహరణలు పాత కవుల నుంచి తీసుకోకుండా, అన్నీ ప్రతాపరుద్రుడి మీదే తనే కట్టాడు. రాజును పొగడటం ఆయన అవసరం కావచ్చు, కానీ పద్ధతి మాత్రం బోధకుడికి ఎంతో విలువైనది. తను కట్టగలిగితేనే లక్షణం తనకు పట్టుబడినట్టు. మనం నడిచే ఈ నేల మీద రాసిన ఆ పుస్తకం సంగతి చెప్పినప్పుడు పిల్లలు నిటారుగా కూర్చున్నారు, ఆ గర్వం వాళ్లకు ఉండాల్సిందే.

వాళ్లు తెచ్చినవాటిలో కొన్ని నాకు చాలా నచ్చాయి. మేడారం జాతర రోడ్డు మీద బండ్ల వరుస గురించి: ‘ఊర్లే లేచి అమ్మ దగ్గరికి నడుస్తున్నయేమో.’ ఇది మంచి ఉత్ప్రేక్ష. వ్యాజస్తుతికి హాస్టల్ పిల్ల ఒకతె: ‘మా వార్డెన్ అక్కకు మా ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధనో, పప్పుల పప్పు కూడ కనవడనియ్యదు.’ పైకి పొగడ్త, లోపల నింద, లక్షణం అక్షరాలా కుదిరింది. బతుకమ్మ పాటలో ‘ఉయ్యాలో’ ఎందుకు మళ్లీ మళ్లీ వస్తుందని అడిగితే, అది తీసేసి చదివి చూపించి, ‘పాట సమాచారం అయిపోయింది మేడం’ అన్నారు. ముందు పాడే ఆమెకు తర్వాతి మాట అందుకునే వ్యవధి ఇస్తుందని, చుట్టూ తిరిగేవాళ్ల అడుగును నిలబెడుతుందని కూడా వాళ్లే చేర్చారు. అందరూ ఇలా చేశారని చెప్పను. కొందరు చివరిదాకా సినిమా పాటల్లోంచి మాటలు మార్చి తెచ్చారు.

ప్రతీకల చిక్కు

ప్రతీక అన్న పదం చెప్పిన తర్వాత కొత్త జబ్బు మొదలైంది. ప్రతి వస్తువూ ప్రతీకే. మొదటి కవితకు తిరిగి వెళ్లినప్పుడు ఒకబ్బాయి నాన్న ముక్కుకు చుట్టుకున్న తువ్వాల ఉరితాడుకు ప్రతీక అన్నాడు. తరగతి నిశ్శబ్దమైంది. మా ప్రాంతంలో ఆ మాట తేలిగ్గా వచ్చేది కాదు, ఎవరి ఇంట్లో ఏం జరిగిందో అందరికీ తెలియదు. అతణ్ని తప్పని కొట్టిపారేయలేదు, అవునని ఒప్పుకోనూ లేదు.

పాఠంలోకి తీసుకెళ్లాను. తువ్వాల ఎన్నిసార్లు వచ్చింది? ఒక్కసారి. ఎక్కడ చుట్టుకున్నాడు? ముక్కుకు. ఎందుకు? ఘాటుకు. అక్కడ దాని పని దానికి ఉంది, ఆ పని పూర్తయింది. కాంటా ముల్లు ఊగడం మాత్రం అదే మాటలతో ఇంకోచోట, ఇంటి విషయంలో, కవిత చివర మళ్లీ వచ్చింది. కవిత తనే వెనక్కి తిరిగి దేన్ని చూస్తోందో దాన్ని ప్రతీక అనడానికి మన దగ్గర ఆధారం ఉంది. తువ్వాల చూస్తే నీకు అది గుర్తొచ్చిందంటే ఆ బాధ నిజం, దాని గురించి నువ్వే కవిత రాయొచ్చు. కానీ జవాబు పత్రంలో ఈ కవిత అలా చెప్పిందని రాయాలంటే కవితలో చోటు చూపించాలి. అతను ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియదు, కానీ తర్వాతి జవాబుల్లో ప్రతీక అని రాసిన ప్రతిచోటా పాదం సంఖ్య వేయడం మొదలుపెట్టాడు.

సెమిస్టర్ చివర

చివర్లో మళ్లీ ఒక కొత్త కవిత ఇచ్చాను, ఈసారి కాలువలో నీళ్లు వదిలిన రోజు గురించి. మన అమ్మాయి రెండు పేజీలు రాసింది. అందులో ఒక చోట ‘కవి నీళ్లు వచ్చాయి అనకుండా చుట్టం వచ్చాడు అన్నాడు. నీళ్లు అన్న మాట కవితలో ఎక్కడా లేదు. చుట్టం అంటే ఎప్పుడో వస్తాడు, వచ్చినప్పుడు ఇల్లంతా లేచి పని చేస్తుంది, మళ్లీ పోతాడు. నీళ్లు వచ్చాయి అంటే సంతోషమే తెలిసేది, చుట్టం అనడం వల్ల పోతాడన్న భయం కూడా తెలిసింది’ అని రాసి, దీన్ని రూపకాలంకారం అంది. పేరు తప్పు, రూపకాతిశయోక్తి అనాలి. ఎర్రటి కొండల పాఠమే మళ్లీ వచ్చింది, ఆమెకు పేరు గుర్తురాలేదు. లక్షణానికి ఒక మార్కు తీసేసి సమన్వయానికి పూర్తి మార్కులు వేశాను. ఇలా మార్కులు వేయడం మీద మా స్టాఫ్ రూమ్‌లో అభ్యంతరం వచ్చింది. పేరు తప్పైతే జవాబే తప్పన్నది వాళ్ల వాదన. నా దృష్టిలో పేరు సరిదిద్దడానికి ఒక్క నిమిషం చాలు, ఆ చూపు రావడానికి సెమిస్టర్ పట్టింది.

అందరికీ ఇది మేలు చేసిందని అనలేను. లక్షణాలు బాగా కంఠస్థం చేసే ఒకబ్బాయి మధ్యలో వెనక్కి తగ్గాడు. ‘పరీక్షల గిట్ల అడగరు కదా మేడం, టెన్షన్ అయితుంది’ అన్నాడు. అతను అన్నదాంట్లో న్యాయం ఉంది. ప్రశ్నపత్రం ‘ఉపమాలంకారాన్ని సోదాహరణంగా వివరించండి’ అని అడుగుతున్నంతకాలం బట్టీ పట్టినవాడికే మార్కులు. అతనితో విడిగా కూర్చుని అదే ప్రశ్నకు సమన్వయం భాగాన్ని నాలుగు వాక్యాల్లో రాయించాను: ఉపమేయం ఏది, ఉపమానం ఏది, రెండింటినీ కలిపిన ధర్మం ఏది, ఈ పోలిక లేకపోతే వాక్యంలో ఏం పోతుంది. చివరి వాక్యం ఒక్కటే కొత్త. దాన్ని అతను చివరిదాకా మొక్కుబడిగానే రాశాడు, కానీ రాశాడు.

ఛందస్సు భాగం ఈసారి సరిగా జరగలేదు. సమయం చాలక గణవిభజన దగ్గరే ఆపేశాం. పోతన కందంలో తప్ప, యతిప్రాసలు చెవికి ఏం చేస్తాయో వినిపించే అవకాశం దొరకలేదు. వచ్చే సెమిస్టర్‌లో వృత్తాలతో కాకుండా ద్విపదతో మొదలుపెడుతున్నాను. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, రెండు పాదాలు, పాడుకోవడానికి వీలైనది, పల్లెలో జనం విన్నది. పాల్కురికి సోమన బసవపురాణం రాసింది అందులోనే. ఆయన ఊరని జనం చెప్పుకునే పాలకుర్తి వైపు నుంచి వచ్చే పిల్లలు కొత్త బ్యాచ్‌లో ఉన్నారు. మొదటి వారం ద్విపదను గొంతెత్తి చదివే పని వాళ్లకే అప్పగించాను, గణాలు బోర్డు మీదికి రెండో వారంలో వస్తాయి.